ఇంటి మాట - వీధి మాట

పిల్లలకు మాట నేర్పేది తల్లిదండ్రులేనని మనమందరమూ నమ్ముతాము. మొదటి రెండు మూడేండ్ల వరకు ఆ నమ్మకం నిజమే. ఆ తరువాత ఒకనాడు పిల్లవాడు గడప దాటి వెళ్లి, వీధిలో ఆడుకొని, దీపాలు పెట్టే వేళకు తిరిగివస్తాడు. వస్తూ వస్తూ కాళ్లకు మట్టితోపాటు నోట ఒక కొత్తమాట కూడా తెస్తాడు. మట్టి కడిగితే పోతుంది. మాట పోదు. ఆ క్షణాన పెద్దలకు ఒక చిరాకు కలుగుతుంది. దాన్ని గురించి ఈ పూట నాలుగు సంగతులు మనవి చేస్తాను. ఎవరినో తప్పుపట్టడానికి కాదు. నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది, అది చెప్పుకోవడానికి.

మేముండేది హబ్సిగూడలో. మా అమ్మాయికి తొమ్మిదవ ఏడు నడుస్తున్నది. ఈ మధ్య ఒక సాయంకాలం నేను ఇల్లు చేరి, చెప్పులైనా విడవకముందే, తను పరుగున ఎదురువచ్చి, "నాన్నా, ఇవాళ బళ్లో ఏమయిందో తెలుసా?" అన్నది. చెప్పమన్నాను. "నేనూ తనూ ట్రాష్ క్యాన్ దగ్గర నిలబడ్డామా..." అని మొదలుపెట్టినది. "చెత్తబుట్ట" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "చెత్తబుట్ట దగ్గర నిలబడ్డాం. తను కుకీ సగం విరిచి నాకిచ్చి..." అన్నది. "బిస్కట్టు" అన్నాను. "బిస్కట్టు ఇచ్చి, కొంచెం వాడర్ తాగి..." అన్నది. "వాడరేమిటమ్మా? వాటర్ అను. లేదా హాయిగా మంచినీళ్లు అను" అన్నాను. ఆ పిల్ల నా ముఖం వంక చూచి, "ఏం లేదులే నాన్నా" అని లోపలికి వెళ్లిపోయినది.

కొంతసేపటికి వంటింట్లో నుండి తన గొంతు వినవచ్చినది. అదే సంగతి తల్లితో చెబుతున్నది. చెబుతున్నది ఇంగ్లీషులో. ఒక్కమాట తడబడకుండా చెప్పి, చివరకు ఏడ్చినది.

సంగతి ఏమిటంటే, మా పై అంతస్తులో ఒక కుటుంబమున్నది. రెండేండ్ల క్రిందట అమెరికాలోని డాలస్ నుండి వచ్చి మా పైన దిగారు. వారి పిల్లదీ మా పిల్లదీ ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బల్ల. ఆ కుటుంబం నెలాఖరుకు మళ్లీ డాలసుకే వెళ్లిపోతున్నదట. ఆ కబురు ఆ పిల్ల, బిస్కట్టు సగం విరిచి ఇచ్చి, ఇన్ని నీళ్లు తాగి, మా పిల్లతో చెప్పినదట. అది మోసుకొని మా అమ్మాయి నా దగ్గరకు వచ్చినది. నేను మూడు మాటలు దిద్దాను. ఆ దిద్దుబాట్ల నడుమ కబురు జారిపోయినది.

ఇందులో నా వృత్తిదోషం కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. రేడియోలో పనిచేసేవాని చెవి ఊరుకోదు. ఎవరైనా "శాంతి"ని "సాంతి" అన్నా, "పళ్లు" అనవలసినచోట "పల్లు" అన్నా, పెండ్లిపందిట్లో కూర్చున్నవాడిని సైతం లోపలినుండి ఏదో గిల్లుతుంది. కాని ఆనాడు నన్ను గిల్లినది ఉచ్చారణదోషం కాదు. "ట్రాష్ క్యాన్" అని మా అమ్మాయి చాలా స్పష్టంగానే పలికినది. నాకు నచ్చనిది మాట కాదు, ఆ మాట వచ్చిన దిక్కు. నా బిడ్డ నోట మరెవరిదో గొంతు వినబడుతున్నదే అన్న ఉక్రోషం.

ఈ ఉక్రోషం మన ఒక్కరిదే అనుకోనక్కరలేదు. ఇంగ్లండులోని తల్లిదండ్రులకు ఇదే బాధ. తాము "రబ్బిష్" అనేదాన్ని పిల్లలు "ట్రాష్" అంటున్నారని, తాము "జెడ్" అనే అక్షరాన్ని "జీ" అంటున్నారని, అమెరికా బొమ్మలకథలు చూచి నాలుక మెలితిప్పి మాట్లాడుతున్నారని వారు విసుక్కొంటారు. ఈ బాధ కొత్తదీ కాదు. 1832లోనే కోల్‌రిడ్జ్ మహాకవి "టాలెంటెడ్" అన్న మాటమీద మండిపడ్డాడు. ఇటువంటి మాటలు చాలావరకు అమెరికా నుండి వస్తున్నవని ఆయన ఫిర్యాదు. ఈనాడు ఆ మాట లేకుండా లండనులో గాని, హైదరాబాదులో గాని, ఇంగ్లీషులో ఒక యోగ్యతాపత్రం వ్రాయడం కష్టం. మరొక విచిత్రం చూడండి. ఆకురాలే కాలాన్ని అమెరికావారు "ఫాల్" అంటారు. అది వారి కల్పన కాదు. పూర్వం ఇంగ్లండులో వాడుకలో ఉన్న మాటే. ఓడ ఎక్కి సముద్రం దాటినవారి నోట నిలిచి, ఇంటిపట్టున ఉన్నవారి నోట చెరిగిపోయినది. ఇంటివారు ఇప్పుడు దాన్ని పరాయిది అంటున్నారు. ఇక 2021 ప్రాంతాన అమెరికా తల్లిదండ్రుల వంతు వచ్చినది. "పెప్పా పిగ్" అనే ఇంగ్లండు బొమ్మలకథ చూచి తమ పిల్లలు ఇంగ్లండు పద్ధతిలో పలుకుతున్నారని వారు చెప్పుకోగా పత్రికలు వ్రాసినవి. ఏటికి ఈ గట్టున ఉన్నవారికి ఆ గట్టుమీద, ఆ గట్టువారికి ఈ గట్టుమీద ఫిర్యాదు. నడుమ పిల్లలు మాత్రం ఈదుతూనే ఉన్నారు.

ఇంతకూ, "కుకీ" అనవద్దని "బిస్కట్టు" అనమన్నానే, బిస్కట్టేమైనా మన తెలుగుమాటా? "జీ" కాదు "జెడ్" అని నేను పోట్లాడేది ఎవరి పక్షాన? ఆ జెడ్డు మా తాతలు సంపాదించి పెట్టిన ఆస్తి కాదు. తెల్లదొరల కాలంలో బడిలో నేర్పారు, నేర్చుకొన్నాము. ఒక పరాయిమాటను మరొక పరాయిమాట నుండి కాపాడటానికి నేను కత్తి దూశానన్నమాట. ఆ సాయంకాలం ఇది తోచినప్పుడు నాలో నేనే సిగ్గుపడ్డాను. ఆ వెంటనే చిన్ననాటి సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చినది.

నేను పుట్టి పెరిగినది కూడా హబ్సిగూడలోనే. ఈ ఊరి పేరునే చూడండి. అబిసీనియా వారిని, అంటే ఈనాటి ఇథియోపియా ప్రాంతం వారిని, హబ్షీలనేవారు. నిజాముల కొలువులో సిపాయిలుగా ఉన్న హబ్షీల పేరుమీదుగా ఈ చోటికి ఈ పేరు వచ్చినదని చెబుతారు. ఆ పరదేశి పేరుకు చివర మన "గూడ" చేరినది. పేరే ఇద్దరు కలిస్తే అయినది; ఇక మనుషుల మాట చెప్పాలా? 1944లో వెలసిన ప్రయోగశాల పెరిగి ఈనాటి రసాయన సాంకేతిక సంస్థ అయినది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ వచ్చినది. 1977లో కణజీవశాస్త్ర కేంద్రం ఆరంభమైనది. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరొక పక్క నాచారం కార్ఖానాలు. వీటిలో పనికోసం గుంటూరు, కృష్ణా, నల్లగొండ, వరంగల్లు జిల్లాల నుండి, తమిళదేశం నుండి, వంగదేశం నుండి కూడా వచ్చి ఈ వీధులలో ఇండ్లు కట్టుకొన్నారు. మా నాన్నగారు తెనాలి నుండి అలా వచ్చినవారే.

మా పక్కయిల్లు నల్లగొండ వారిది. వారి అబ్బాయికీ నాకూ ఒకటే ఈడు. బడి విడిచినది మొదలు చీకటి పడేదాకా వారింట్లోనే నా మకాం. వాళ్ల అవ్వ నన్ను చూడగానే, "బువ్వ తిన్నవా బిడ్డా? ఇంత సల్ల తాగి పో" అనేది. రాత్రికి నేను ఇంటికి వచ్చి, "అమ్మా, సల్ల పొయ్యి" అనేవాడిని. అమ్మ నవ్వేది. నాన్నగారు నవ్వేవారు కారు. "మజ్జిగ అనరా" అనేవారు. తొవ్వ అంటే దారి అనమనేవారు. "మాపటికి వస్తా" అంటే "సాయంత్రం" అనమనేవారు. ఒకనాడు చెల్లెలి మీద విసుక్కొని "లొల్లి చెయ్యకు" అన్నాను. ఆయన చేతిలోని పత్రిక మడిచి పక్కన పెట్టి, "ఈ ఇంట్లో లొల్లి అన్నమాట వినబడితే ఊరుకోను. గోల అనలేవూ?" అన్నారు. ఆనాటినుండి నాకు రెండు నాలుకలు అయినవి. గోడకు అటు లొల్లి, ఇటు గోల. అటు సల్ల, ఇటు మజ్జిగ. ఎక్కడా పొరపాటు పడేవాడిని కాను. కాని ఒకటి జరిగినది. పక్కయింటి ముచ్చట్లు మా ఇంట్లో చెప్పడం మానుకొన్నాను. చెబితే ఎక్కడ ఆ మాట దొర్లుతుందోనని భయం. అవ్వ జబ్బుపడినప్పుడు కూడా నాన్నగారికి నేను చెప్పలేదు. ఎవరో చెబితే ఆయనకు తెలిసినది.

పెద్దవాడినై ఉస్మానియాలో చదువుతున్న రోజులలో నాకు ఒక ఆశ్చర్యం కలిగినది. నాన్నగారు నిషేధించిన మాటలు ఒక్కొక్కటిగా గ్రంథాలలో ఎదురుపడసాగినవి. సల్ల అంటే చల్ల. పాతకావ్యాల మాట అదే. చల్లకు వచ్చి ముంత దాచినట్లు అని తెనాలిలోనూ అంటారు. ఆ సామెతలో మజ్జిగ అని మార్చి ఎవరూ చెప్పరు. తొవ్వ అంటే త్రోవ. మాపు అంటే సాయంకాలమని నిఘంటువు చెబుతుంది. మా అవ్వ "అంగడి" అనేది. మేము షాపు అనేవాళ్లము. ఏది తెలుగో మీరే చెప్పండి. ఇక ఉర్దూమాటలన్న ఆక్షేపణ చూతము. "పరేషాను" అన్నందుకు నన్ను కోప్పడిన నాన్నగారు నెలనెలా "ఖర్చు" వ్రాసుకొనేవారు, "బాకీ" తీర్చేవారు, "జవాబు" వ్రాసేవారు, తాము "రైతు" బిడ్డనని గర్వంగా చెప్పుకొనేవారు. ఇవన్నీ అరబ్బీ పారశీకాల నుండి వచ్చి మన ఇంట కాపురం పెట్టిన మాటలే. బాల్చీ, మేస్త్రీ, ఇస్త్రీ పోర్చుగీసు ఓడలలో వచ్చినవి. ముందు వచ్చిన చుట్టం ఇంటివాడైనాడు; వెనుక వచ్చినవాడు పరాయివాడైనాడు. భేదమంతా ఇంతే.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్రశాఖను నెలకొల్పారు. ఆ ఏడే వారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువడినది. వ్యవసాయపు పనిముట్లకు, పనులకు ఊరూరా రైతుల నోట ఉన్న పేర్లను పోగుచేసిన గ్రంథమది. తెలుగుదేశాన్ని ఆయన నాలుగు భాషామండలాలుగా విభజించారు. అందులో నడిమి మండలంలో చదువుకొన్నవారి వాడుక పత్రికలలో, పుస్తకాలలో, సభలలో ప్రామాణికమై కూర్చున్నది. అలా కూర్చోవడానికి చరిత్రలో కారణాలున్నవి. అక్కడ బడులు, అచ్చుయంత్రాలు, పత్రికలు ముందుగా వచ్చినవి. అంతేగాని, అక్కడి నాలుక బంగారమనీ, మిగిలిన మూడు మండలాల నాలుకలు ఇత్తడి అనీ దాని అర్థం కాదు.

ఇక్కడ ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. గోడకు ఇటు నేను పడిన బాధా, అటు నా స్నేహితుడు పడిన బాధా సమానం కావు. నన్ను మా నాన్నగారు ఒక్కరే దిద్దారు. అతనిని పాఠ్యపుస్తకం దిద్దినది, పంతులుగారు దిద్దారు, సినిమా దిద్దినది. ఏండ్ల తరబడి సినిమాలలో అతని అవ్వ మాట్లాడే తెలుగు దుష్టపాత్రకో, నవ్వించే పాత్రకో ఇచ్చేవారు. ఆ హాలులో మా వెనుక కూర్చున్నవారు నవ్వుతూ ఉంటే అతడు నవ్వేవాడు కాదు. నేను నవ్వేవాడిని. ఈనాడు అది తలచుకొంటే మనసు చివుక్కుమంటుంది.

ఆ అవమానానికి పాత వేళ్లున్నవి. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ రాత్రి రగిలిన బాధలోనుండే ఆంధ్రజనసంఘం పుట్టినది. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 1956లో రాష్ట్రాలు ఒకటైనవి. నాలుకలు మాత్రం ఒక పీటమీద కూర్చోలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కాళోజీ నారాయణరావుగారి పుట్టినరోజు, సెప్టెంబరు 9, భాషాదినోత్సవమైనది. 2017లో "ఫిదా", 2023లో "బలగం" వంటి చిత్రాలలో ఆ పలుకు కథానాయిక నోట, ఇంటిపెద్దల నోట వినవచ్చినది. జనం నవ్వవలసినచోట నవ్వారు, ఏడవవలసినచోట ఏడ్చారు. వెక్కిరింతకు తప్ప పనికిరాదనుకొన్న పలుకు దుఃఖం మోయగలదని అందరికీ తెలిసినది.

తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లోనూ నా వల్ల ఒక చిరాకు పుట్టకపోలేదు. నా సావాసంతో మా వాడు "అలాగేనండీ", "ఏమండీ" అనడం మొదలుపెట్టాడు. అవ్వ బుగ్గన వేలు పెట్టుకొని, "ఏంది బిడ్డా, గా పక్కింటోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్?" అనేది. అందరూ తమ బిడ్డ తమ మాటే మాట్లాడాలని కోరుకొనేవారే.

పిల్లలు ఎందుకు ఇలా చేస్తారు? దీనికి ఇంగ్లండులోనే ఒక చక్కని దృష్టాంతమున్నది. లండనుకు వాయవ్యంగా మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణాన్ని కట్టడానికి 1967లో నిర్ణయించారు. మన హబ్సిగూడ వలెనే నలువైపులనుండి జనం వచ్చి అక్కడ చేరారు. పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అనే భాషాశాస్త్రజ్ఞులు 1990 తరువాత అక్కడి నాలుగేండ్ల, ఎనిమిదేండ్ల, పన్నెండేండ్ల పిల్లల మాట రికార్డు చేసి పోల్చి చూచారు. నాలుగేండ్ల పిల్లల పలుకు చాలావరకు తల్లుల పలుకును పోలి ఉన్నది. పెద్దపిల్లల పలుకు తల్లిదండ్రుల ఊరిదీ కాదు, మరొక ఊరిదీ కాదు. వారంతా కలిసి తమదంటూ ఒక పలుకును తయారుచేసుకొన్నారు. అంటే, ఒడిలో ఉన్నంతకాలం అమ్మ మాట. వీధిలో పడిన తరువాత తోటివారి మాట. ఇది చెడిపోవడం కాదు, ఎదగడం.

నేను మా అమ్మాయి పలుకుకు కారణం చేతిఫోను అనుకొన్నాను. ఈ కాలపు తండ్రినిగదా, నేరమంతా దానిమీదికి నెట్టడం అలవాటు. పట్రీషియా కూల్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2003లో ప్రకటించిన పరిశోధన ఒకటున్నది. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు పన్నెండు విడతలుగా చైనాభాష వినిపించారు. కొందరికి ఎదుట మనిషి కూర్చుండి, బొమ్మలు చూపి ఆడిస్తూ మాట్లాడినది. కొందరికి అటువంటి మాటలనే తెరమీద చూపారు. మనిషి ఒడిదాపున విన్న శిశువులు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకొన్నారు. తెర ముందు కూర్చున్నవారు పట్టుకోలేకపోయారు. పెరిగిన పిల్లలు తెర నుండి ఒక మాటను, ఒక విరుపును ఎరువు తెచ్చుకోవడం ఉన్నది, అది ఆటవంటిది. కాని నాలుకలో నాటుకొనే పలుకు మాత్రం ఎక్కువగా మనిషి నుండి మనిషికే వస్తుంది. మా అమ్మాయికి "వాడర్" ఇచ్చినది ఫోను కాదు. పై అంతస్తులోని ఆ పిల్ల. నాకు "సల్ల" ఇచ్చినది అవ్వ.

నేను చెప్పదలచినది ఇదే. పిల్లలు ఎవరిని ప్రేమిస్తే వారి మాట తెచ్చుకొంటారు. కొత్తమాట అంటే కొత్తగా దొరికిన మనిషి. ఆ మాటను మనము కసరుకొంటే, మాటను కసరినట్లు వారికి వినిపించదు. ఆ మనిషిని గుమ్మంలో నిలిపివేసినట్లు వినిపిస్తుంది. అప్పుడు వారు చేసేది ఒకటే. ఆ మాటను వదలరు, మన దగ్గర మాట్లాడటం వదులుతారు. నాబోటి ఇండ్లలో దీనికి మరొక చిక్కు కూడా ఉన్నది. నేను చిన్నవాడిగా మాట దాచుకొన్నా, దాచుకొన్నది తెలుగులోనే. ఈనాటి పిల్లకు దాక్కోవడానికి మరొక భాష సిద్ధంగా ఉన్నది. తెలుగులో నోరు విప్పితే తప్పులు పట్టే తండ్రి ఉన్నాడు. ఇంగ్లీషులో వినే తల్లి ఉన్నది. ఏ వైపు పోతుంది? తెలుగును కాపాడుదామని నేను చేసిన పని నా ఇంట్లో తెలుగుకు ఒక సాయంకాలం తగ్గించినది. పరాయిమాట వచ్చి చేరినందువల్ల భాష చిక్కిపోదు. అలా అయితే "రైతు" అన్ననాడే చిక్కిపోవలసినది. చెప్పుకోవలసిన సుఖదుఃఖాలు ఆ భాషలో చెప్పుకోవడం మానినప్పుడు చిక్కిపోతుంది.

అయితే దిద్దనే వద్దా అని మీరు అడగవచ్చు. దిద్దవలసినదే. దానికి వేళ, చోటు ఉన్నవి. మా వృత్తిలోనే ఈ వివాదం పాతది. బి.బి.సి. వారు 1926లో మాటల ఉచ్చారణ తేల్చడానికి ఒక సంఘాన్ని వేశారు. మొదట రాబర్ట్ బ్రిడ్జెస్ కవి, తరువాత బెర్నార్డ్ షా దానికి అధ్యక్షులు. అంతటివారు కూర్చున్నా ఏకాభిప్రాయం కుదరని మాటలు ఎన్నో. రెండవ ప్రపంచయుద్ధకాలంలో యార్క్‌షైర్ యాసగల విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత వార్తలు చదివిస్తే కొందరు శ్రోతలు అభ్యంతరం చెప్పారు. అంత కలవరంలోనూ వారి చెవిని నొప్పించినది ఆ యాస. మా హబ్సిగూడకు కూతవేటు దూరంలో, ఉస్మానియా ఆవరణలో 1958లో ఇంగ్లీషు బోధనకు ఒక కేంద్ర సంస్థ ఏర్పడినది. ఈనాటి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయం అదే. అక్కడి ఆచార్యులు ఆర్. కె. బన్సల్ 1969లో భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు బోధపడుతున్నది అని పరిశోధించి గ్రంథం ప్రచురించారు. ఆ ప్రశ్నలోనే మర్యాద ఉన్నది. ఎవరివలె పలుకుతున్నావు అని కాదు, ఎదుటివారికి అర్థమవుతున్నదా అని. మైకు ముందు కూర్చున్నప్పుడు, పరీక్ష వ్రాసేటప్పుడు, అర్జీ పెట్టుకొనేటప్పుడు పదిమందికి అందే మాట కావాలి. అది నేర్పడం మన విధి. కాని ఇంటికి వచ్చిన బిడ్డ మన ఎదుట మైకు ముందు కూర్చోలేదు.

ఈ అనుభవం తరువాత మా ఇంట్లో నేను ఒక నియమం పెట్టుకొన్నాను. కబురు పూర్తి అయ్యేదాకా మాట దిద్దను. విన్న తరువాత, జవాబు చెబుతూ నా మాట నేను వాడతాను. తను "ట్రాష్" అంటే, "ఆ చెత్తబుట్ట దగ్గర ఇంకెవరున్నారు?" అంటాను. నా మాట దాని పక్కన నిలబడి ఉంటుంది. కావాలంటే తీసుకొంటుంది. రెండవ నియమం మాత్రం కొంచెం గట్టిది. ఎవరి మాటనూ వెక్కిరించరాదు. కూరగాయలబండి అతని మాటను గాని, తెనాలి నుండి వచ్చే మామ్మ మాటను గాని, పై అంతస్తువారి ఇంగ్లీషును గాని, ఎవరి పలుకునూ అనుకరించి నవ్వరాదు. యాస తప్పు కాదు, వెక్కిరింత తప్పు. నా చిన్నతనంలో ఎవరూ నాకు ఈ దిద్దుబాటు చేయలేదు. చేసి ఉంటే ఆ సినిమాహాలులో నేను నవ్వి ఉండను.

నెలాఖరుకు పై అంతస్తువారు బయలుదేరారు. సామాను దింపుతూ ఉండగా ఆ పిల్ల తల్లి నా భార్యతో నవ్వుతూ ఒకమాట అన్నది. "రెండేండ్లు మీ అమ్మాయితో తిరిగి మావాళ్ల పిల్ల ప్రతిదానికీ 'పోవే' అంటున్నదండీ. అక్కడ బళ్లో ఏమంటుందో ఏమో!" అమెరికా నుండి వచ్చిన పిల్ల మా వీధి నుండి పట్టుకుపోయే మాట అది. నాకెందుకో చాలా సంతోషం కలిగినది.

కారు కదిలిన తరువాత మా అమ్మాయి, దాని చెల్లెలు మెట్లమీద కూర్చుని ఏదో వాదులాడుకొంటున్నారు. ఏడుపు, అరుపు కలగలిసినవి. ఎనభై దాటిన మా నాన్నగారు వరండాలో వాలుకుర్చీలో కునుకు తీస్తున్నారు. కళ్లు తెరవకుండానే, "ఏమిటర్రా ఆ లొల్లి?" అన్నారు.

నేను ఆయన వంక చూచాను. ఏ మాట అన్నారో ఆయన గమనించలేదు. యాభై ఏండ్లుగా ఈ వీధిలో పాలవానితో, రిక్షా అతనితో, పక్కయింటివారితో మాట్లాడుతూ ఉంటే, ఎప్పుడో తెలియకుండానే ఆ మాట వచ్చి ఆయన నోట కూర్చున్నది. దిద్దడానికి నాకు హక్కు ఉన్నది; ముప్పది ఏండ్లకు పైబడిన బాకీ అది. కాని దిద్దలేదు. పిల్లల దగ్గరకు వెళ్లి మెట్లమీద కూర్చుని, "ఏమయిందో చెప్పండి" అన్నాను. మా అమ్మాయి చెప్పినది. అందులో తెలుగు ఉన్నది, ఇంగ్లీషు ఉన్నది, ఆ పిల్ల విరుపు ఉన్నది. చివరిదాకా విన్నాను.